సన్మానమా? సంభాషణమా?

కళావేత్తను గౌరవించుటకు మనవారికి తెలిసిన మార్గ మొక్కటే. అతనిని వేదికపై నొక కుర్చీలో కూర్చుండబెట్టుదురు. మెడలో దండ వేయుదురు. భుజములపై శాలువ కప్పుదురు. పిమ్మట అతనిని గూర్చి అతని యెదుటనే గంటల కొలది మాటలాడుదురు. అతనిని మాత్రము మాటలాడనీయరు. ఈ యాచారమును నేను గర్హించుచున్నాను. శాలువ గౌరవచిహ్నమని లోకము తలచుచున్నది. నాకది నోటికి కట్టిన గుడ్డవలె కనబడుచున్నది.

కొన్ని సంవత్సరముల క్రిందట సికింద్రాబాదులో ఇట్టి సభ కొకదానికి పోయితిని. ఏబదియేండ్లు పద్యనాటకములకు కాలి హార్మోనియము వాయించిన యొక వృద్ధునికి సన్మానము. వక్తలు ఏడుగురు. మొదటివారు నాదబ్రహ్మమును గూర్చియు, రెండవవారు తమ తాతగారిని గూర్చియు, మూడవవారు ఆంగ్లవిద్యవలన కలిగిన యనర్థములను గూర్చియు ఉపన్యసించిరి. మిగిలిన నలుగురు ఏమి చెప్పిరో నాకు జ్ఞాపకము లేదు, వారికిని ఉండదు. తుట్టతుదకు ఆ వృద్ధుని లేపి, రెండు ముక్కలు చెప్పుమనిరి. ఆయన, "మైకులు రాకముందు నటులు ఏ శ్రుతిలో పాడేవారంటే" అని ప్రారంభించెను. అధ్యక్షులు గడియారము చూచుకొనిరి. కార్యదర్శి చీటీ యందించెను. ఆయన దండము పెట్టి కూర్చుండెను. సభ కరతాళధ్వనులు చేసెను.

సభానంతరము గడియారస్తంభము దాపున బస్సు కొరకు నిలిచియున్న ఆయనను పలుకరించితిని. ఆ పావుగంటలో నేను విన్నది ఏడు ఉపన్యాసములలో లేదు. మైకు లేని దినములలో కడపటి వరుసవానికి పద్యము వినబడవలెనన్న నటుడు హెచ్చు శ్రుతిలో పాడితీరవలెను. ఆ రాత్రి నటుని గొంతు స్థితి యెట్లున్నదో తెరవెనుక అతని దగ్గును బట్టి ఈయన కనిపెట్టెడివాడట! బాగులేదని తోచినచో అతనికి చెప్పకయే అరశ్రుతి దించి పట్టెడివాడు. "చెప్తే ఒప్పుకోరు బాబూ, పరువు కదా. నేను దించిన సంగతి ఆయనకే తెలిసేది కాదు. తెల్లారి వచ్చి, రాత్రి గొంతు భలే పలికిందయ్యా అనేవారు" అని నవ్వెను. జనులు వన్సుమోరని కేకలు వేసినప్పుడు నటునికి ఊపిరి చిక్కుటకై తాను మరల నెంతసేపు వాయించవలెనో, దానికిని ఒక లెక్క యుండెడిదట. ఆ లెక్క చెప్పబోవునంతలో బస్సు వచ్చినది. "ఒకసారి ఇంటికి రండి బాబూ, తీరిగ్గా చెప్తాను" అనెను. వచ్చు నెలలో వత్తునంటిని.

ఆ నెల గడచినది. దాని వెంట మరికొన్ని గడచినవి. నేను పోలేదు. మరుసటి యేట ఆయన మరణవార్త విన్నాను. సభాధ్యక్షుని దోషము మూడు నిమిషములది; నాది పదునాలుగు మాసములది. కావున ఈ వ్యాసమున నేను ఇతరులను నిందించునపుడెల్ల ఆ నిందలో నాకును భాగము కలదని పాఠకులు గ్రహింపవలెను.

కృతి యుండగా కర్తతో పనియేమని కొందరు పండితులు వాదింతురు. పద్యము చదువుకొనుడు, పాట వినుడు, చాలునందురు. కృతి మిగిలిన చోట ఈ వాదము కొంతవరకు చెల్లును. ఆ హార్మోనియము వాద్యకుని కృతి యెచ్చట నున్నది? అది నటుని గొంతులో కలిసిపోయినది, నటుడును గతించెను. అచ్చుపడిన నాటకమున పద్యమున్నది గాని, దగ్గును బట్టి శ్రుతి దించిన విద్య యే పుటయందును లేదు. కృతి మిగిలిన చోట మాత్రము? కర్త యేమి వ్రాసి కొట్టివేసెనో, ఎవరికి వెరచెనో, ఇల్లు గడచుటకై మరియొక కొలువు చేయుచు ఏ వేళ కలము పట్టెనో కృతి చెప్పదు. ఇది తెలియకపోవుటచేతనే మన బిడ్డలు కవిత్వము కేవలము దైవదత్తమని నమ్మి, తమకా దయ కలుగలేదని తలచి, రెండు పుటలు వ్రాసి కాగితము మడచివేయుచున్నారు. అదియొక పనియనియు, దానికిని పనిముట్లు, పొరపాట్లు, మరమ్మతులు కలవనియు పనివాడే చెప్పినచో వారు మరి పది పుటలు వ్రాయుదురు.

ప్రశ్నించుట మన సంప్రదాయము కాదని యెవ్వరైన ననినచో నవ్వు వచ్చును. ప్రశ్నయే పేరుగా గల యుపనిషత్తొకటి మనకున్నది. ఆరుగురు జిజ్ఞాసువులు సమిధలు చేతబట్టి పిప్పలాదుని యొద్దకు పోగా, ఆయన వెంటనే నోరు విప్పలేదు. ఒక సంవత్సరము నియమముతో ఇచట నుండుడు, పిదప అడుగుడు, తెలిసిన చెప్పెదననెను. అడుగుటకు సిద్ధపడుట అడుగుటకంటె కష్టమని ఆ ఋషి యెరుగును. జర్మనీలో ఎకర్మన్ అను నతడు గోథే మహాకవి చివరి సంవత్సరములలో చెంతనుండి, విన్నదానిని వ్రాసికొని, 1836లో ప్రకటించెను. ఎకర్మన్ కవిత్వము నేడెవ్వరును చదువరు. ఆ సంభాషణలను మాత్రము లోకము చదువుచునే యున్నది.

మన సంగతికి వత్తము. నైజాము రాష్ట్రమున తెలుగు కవులే లేరను మాట యొకటి పుట్టినప్పుడు సురవరము ప్రతాపరెడ్డిగారు కోపోపన్యాసము చేసి యూరకుండలేదు. కవుల వివరములను, పద్యములను సేకరించి 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. అందు 354 మంది కవులు! లేరన్నవారికి అంతకంటె బదులేమి కావలెను? కాని యది ఉనికిని రుజువు పరచిన గ్రంథము. పేరు, ఊరు, పద్యము దొరకినవి. ఆ పద్యమెట్లు పుట్టినదో, ఉర్దూ రాజభాషగా నున్నచోట తెలుగున వ్రాయుటకు ఆ మారుమూల కవికి కలిగిన తెగువ యెక్కడిదో దొరకలేదు. ఒక్కచేతితో అంత పని చేసిన ప్రతాపరెడ్డిగారిని దీనికి తప్పుపట్టరాదు. తరువాతి వారమైన మనము ఆ 354 ఇండ్ల తలుపులు తట్టవలసియుండెను. తట్టితిమా?

సికింద్రాబాదు కథయే చూడుడు. వంటపని, హోటలు పని చేసి చదువుకొన్న వట్టికోట ఆళ్వారుస్వామి ఇచట 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకములు అచ్చు వేయించి, మోసికొనిపోయి అమ్మెను. చెరసాలలో బడినప్పుడు తోటి ఖైదీల కథలు విని, వానినుండి "జైలు లోపల" కథలు వ్రాసెను. దొంగ యనియు, హంతకుడనియు లోకము ముద్రవేసినవారిని కూర్చుండబెట్టి, నీవెవరవు, ఇట్లేల జరిగెనని అడుగు ఓపిక ఆయనకుండెను. ఆయన 1961లో నలువదియైదేండ్లకే గతించెను. "గంగు" నవల అసంపూర్ణముగా మిగిలినది. దాని కడపటి ప్రకరణము లెట్లుండవలెనని ఆయన తలచెను? గ్రంథమాలకు పుస్తకముల నేర్చుటలో ఆయన కొలత యేది? ఏ యూరిలో ఏ పుస్తకము ఎక్కువగా చెల్లెను, కొన్నవారు చదివి యేమనిరి? అందరి కథలు విన్న మనుష్యుని యెదుట తీరికగా కూర్చుండి ఈ ప్రశ్నలడుగుటకు ఈ జంటనగరములలో నలుగురు మనుష్యులకు నాలుగు సాయంకాలములు చాలును. నేడు వాని నెవరి నడుగుదుము?

ఈ యూరివాడే మరియొకడు ఆ పని యెట్లు చేయవలెనో చేసి చూపెను. శ్యాం బెనెగల్ 1934లో తిరుమలగిరిలో, కొంకణి మాటలాడు కుటుంబమున జన్మించెను. తండ్రి ఫొటోగ్రాఫరు. 1974లో "అంకుర్" తీసి, తెలంగాణపు పల్లెను, మన దక్కనీ పలుకుబడిని దేశమునకు వినిపించెను. అంత పేరు వచ్చిన పిదప, 1980 దశకమున, తన కంటె పెద్దవాడైన సత్యజిత్ రాయ్ యెదుట ప్రశ్నించువాడై కూర్చుండెను. ఫిల్మ్స్ డివిజన్ కొరకు తీసిన ఆ చిత్రము రెండు గంటలకు మించినది. రాయ్ "ఘరే బాయిరే" తీయుచున్న దినము లవి. ఆయన పనిచేయుచుండగా చూపుటయు, పిదప తీరికగా అడుగుటయు, రెండును అందున్నవి. ఆ సంభాషణ 1988లో పుస్తకముగా కూడ వచ్చినది.

అది యేల నిలిచినది? ఇద్దరును వాణిజ్యప్రకటనల సంస్థలలో పనిచేసి సినిమాకు వచ్చినవారు. అడుగువానికి చేయువాని పని తెలియును. కెమెరా యెచ్చట పెట్టితివని యడుగుటకు, ఎచ్చటెచ్చట పెట్టవచ్చునో ముందెరిగియుండవలెను గదా! బెనెగల్ ఆనాడు తన గొప్ప చెప్పుకొనలేదు. రాయ్ గొప్పయు చెప్పలేదు. అడిగి, ఊరకుండెను. ఆ ఊరకుండుటయే మనవారికి చేతకాని విద్య. రాయ్ 1992లోను, బెనెగల్ 2024లోను గతించిరి. చిత్రమున్నది, పుస్తకమున్నది.

ఇప్పుడు యూట్యూబులో మూడేసి గంటల ముఖాముఖులు వచ్చుచున్నవి, ఇంకేమి లోటని యువకులు నన్నడుగుదురు. కొన్నిటిని విన్నాను. పొగడ్త యొక గంట. ఎవరితో నెవరికి చెడినదను విచారణ యొక గంట. పెండ్లి, విడాకులు, ఆస్తి తగవులు మిగిలిన గంట. ఒక గాయకుని ఎదుట గంటన్నరసేపు కూర్చున్న ప్రశ్నకర్త అతని సాధన మాటయే యెత్తకపోవుటను ఈ చెవులతో విన్నాను. నిడివి యొక గుణము కాదు. నదియు నిడుపే, మురుగుకాలువయు నిడుపే. జీవితమును అడుగరాదని నేననను. జీవితము పనిలోనికి ఏ వాకిట ప్రవేశించెనో ఆ వాకిట నిలిచి అడుగవలెను. పడకటింటి కిటికీలోనుండి తొంగిచూచుట జిజ్ఞాస కాదు.

ఇంతకంటె పెద్ద దోషమొకటి యున్నది. అది సభలవారిది కాదు, మనది. ఎవరిని అడుగవలెనని మనము నిర్ణయించుకొన్నాము? పోచంపల్లి చీర చేతబట్టి ధర యెంతయని అడుగుదుము. నేయకముందే నూలునకు ముడులు వేసి రంగులద్ది, నేసినపిమ్మట బొమ్మ తేలునట్లు మనస్సులో లెక్కవేసిన వానిని, ఈ లెక్క నీకెట్లు పట్టుబడెనని యెవరడిగిరి? చేర్యాల నకాషీ బొమ్మ గోడకు తగిలించుకొందుము. బేరము తప్ప చిత్రకారునితో మనకు వేరు మాట లేదు. పద్యము చెప్పినవాడు కవి, బొమ్మ వ్రాసినవాడు కూలివాడు! ఇది కులభేదమే గాని రసజ్ఞత కాదు.

స్త్రీల విషయము చెప్పనేల? తెలంగాణ సాయుధపోరాటమును గూర్చి నాయకులు వ్రాసిన గ్రంథములకు కొదవలేదు. అందు పాల్గొన్న స్త్రీలను స్త్రీశక్తి సంఘటన వారు కలిసికొని, వారి మాటలలోనే "మనకు తెలియని మన చరిత్ర"ను 1986లో ప్రకటించువరకు ఆ పోరాటమున సగము కథ మూగగానే యుండెను. వారిలో కొండపల్లి కోటేశ్వరమ్మ యొకరు. ప్రజానాట్యమండలిలో పాడినది, ఆడినది, అజ్ఞాతవాసము చేసినది. ఆమె స్వీయచరిత్రమైన "నిర్జన వారధి" 2012లో వెలువడినది. అప్పటికామెకు తొంబదియేండ్లు దాటినవి! నూరేండ్లు బ్రదుకుటచేత ఆమె గ్రంథము మనకు దక్కినది. అరువదవయేటనే పోయినవారి గ్రంథములెన్ని దక్కలేదో ఎవరు లెక్కింపగలరు? మన ఆలస్యమునకు సరిపడునంత ఆయుర్దాయము కళావేత్తలకుండునని నమ్మి కూర్చుండుట యెట్టి బుద్ధి?

అంతవరకు పోనేల, మీ యింటనే చూడుడు. తాతగారు చెప్పిన నాలుగు సీసపద్యములు పటము కట్టించి గోడకు వ్రేలాడదీసితిమి. అవ్వగారు పెండ్లి పెండ్లికి కొత్తగా కట్టిన వియ్యపురాలి పాటలు మాత్రము ఆడవాండ్ర పాటలు. వరుసలెక్కడివి, మాట లెవరివి, ఏ వియ్యపురాలిని చూచి ఏ చరణము మార్చెనో ఆమెను ఎన్నడైన నడిగితిమా? అడిగినచో, "నాదేముంది నాయనా, ఏదో పాడుకునేదాన్ని" అని ఆమె కొంగుతో మొగము తుడుచుకొనును. అంతటితో లేచిపోవువాడు ప్రశ్నకర్త కాడు. ఆ మాటకు పిమ్మటనే అసలు మాట యుండును. రెండవనాడు పోవలెను, మూడవనాడు పోవలెను.

సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయము 1905లో వెలసినది. తెలుగునకు రాజాదరణము లేని దినములలో తెలుగు పుస్తక మొకచోట నుండవలెనని గృహస్థులు పూనుకొని చేసిన పని యది. మనకా కష్టము లేదు. కంఠధ్వనిని పట్టి యుంచు యంత్రము ప్రతివాని జేబులోను నున్నది. సన్మానసంఘములవారు శాలువకును, జ్ఞాపికకును, ఫ్లెక్సీ బొమ్మలకును పెట్టు ధనమున సగము మిగిల్చి, ఒక చదువుకొన్న పిల్లను గాని పిల్లవానిని గాని ఆ కళావేత్త యింటికి ఆరు వారములు పంపవచ్చును. పోవుటకు ముందు ఆయన కృతులన్నియు వారిచే చదివింపవలెను. విన్నదానిని ఉన్నదున్నట్లు, ఆయన పలుకుబడితోనే, మన వ్యాకరణముతో సంస్కరింపక వ్రాయింపవలెను. ఒక ప్రతి ఆయనకు చదివి వినిపించి, వలదన్నది తీసివేసి, తక్కినది గ్రంథాలయమున నుంచవలెను. ఇందు అధ్యక్షులకు పని లేదు. కావున ఈ సూచన వారికి నచ్చదని యెరుగుదును.

మారేడుపల్లిలో నొక వృద్ధురాలున్నది. ఒకప్పుడు ఆ పేటలో పెండ్లియైనచో ఆమె పాట లేనిదే అప్పగింతలు జరుగలేదందురు. వచ్చు ఆదివారమునకు పదునేడు ప్రశ్నలు వ్రాసికొంటిని. నిన్న ఆమెయే ఫోను చేసి, మధ్యాహ్నము కొంత కునుకు తీయుదుననియు, నాలుగు గంటలకు రావలసినదనియు చెప్పినది.