పాత నంబరునకు పోయిన కోడు

ఉగాది పచ్చడి నాటికి మీ కందవలసిన ఈ సంచిక, ఆవకాయ జాడీలకు వాసెన గట్టు వేళకు గాని సిద్ధము కాలేదు. ఈ ఆలస్యమునకు రచయితలు గాని, చిత్రకారులు గాని, అచ్చువేయువారు గాని కారకులు కారు. రెండేండ్ల కొకసారి కార్యవర్గము మారునప్పుడు మా న్యూజెర్సీ తెలుగు సంఘపు జెండాలు, మైకులు, దేవుని పటములు, వెండి కుందులు, చెక్కుబుక్కు మున్నగు వస్తువులన్నియు జాబితా ప్రకారము చేతులు మారినవి. కాని పత్రికకు వచ్చు కథలు, పద్యములు, ప్రకటనలు సమస్తమును ఏ మెయిలు ఖాతాలో వచ్చి చేరునో ఆ ఖాతా తాళము మాత్రము ఒక పసుపుపచ్చని కాగితపు ముక్క మీద, చదివిన కొలదియు సందేహము పెరుగు దస్తూరితో, నా చేతికి వచ్చినది. అందలి గుండ్రని గుర్తు సున్నాయో, ఆంగ్లాక్షరమగు ఓ యో తేల్చుకొనుటకే ఒక సాయంకాలము పట్టినది.

ఆ కాగితము మీది మాట ఒక ఇలవేల్పు పేరుతో మొదలై 17 అను అంకెతో ముగిసినది. పదునేడేల యని విచారింపగా, పూర్వ కార్యవర్గములలో శ్రద్ధాళువగు నొక పెద్దమనిషి మూడు మాసముల కొకసారి పాస్‌వర్డు మార్చితీరవలెనని తీర్మానము చేయించెననియు, నాటినుండి ప్రతి పర్యాయమును చివరి అంకెకు ఒకటి కలుపుచు వచ్చిరనియు తెలిసినది. ఆయనను తప్పుపట్ట వీలులేదు. ఈ అమెరికా దేశపు ప్రమాణముల సంస్థయగు నిస్ట్ 2004లో ప్రకటించిన మార్గదర్శకములలో పాస్‌వర్డులను గూర్చిన అనుబంధము వ్రాసిన బిల్ బర్ అను ఉద్యోగి, పెద్దక్షరము, అంకె, చిహ్నము కలగలుపుటను, గడువు తీరినప్పుడెల్ల మార్చుటను ఉపదేశింపగా, లోకమందలి కార్యాలయములన్నియు దానిని శాసనముగా తలదాల్చినవి. 2017లో, పదవీ విరమణానంతరము, తాను చెప్పినదానిలో చాలభాగమునకు విచారించుచున్నానని ఆయనయే ఒక పత్రికతో ననెను. ఆ సంవత్సరముననే నిస్ట్ తన నియమములను తిరగవ్రాసి, మాట పరుల పాలైనదని ఆధారము దొరికిననాడు తప్ప ఊరక మార్పింపవలదని చెప్పినది. తన సలహా తప్పని బహిరంగముగా నొప్పుకొన్న సర్కారు ఉద్యోగిని నే నింకొకరిని ఎరుగను.

అయినను, కొత్తగా ఇల్లు చేరినవాడు తాళము మార్చుకొనుట లోకమర్యాద గనుక, ఫిబ్రవరి మాసమున ఒక శనివారము రాత్రి, భోజనానంతరము సోఫాలో చేరగిలబడి, నా ఫోనులో ఆ పాస్‌వర్డును మార్చితిని. మార్చిన సంగతి ఫోనునకు తెలిసినది గాని, బల్ల మీది ల్యాప్‌టాపునకు తెలియలేదు. అది తన జ్ఞాపకములో దాచుకొన్న పాత మాటను, నల్లచుక్కల ముసుగు వేసి, గడిలో తానే నింపగా, నేను చూచుకొనక ఎంటరు నొక్కితిని. ఒకసారి కాదు, నాలుగుసార్లు. వంటింటిలోని ఐప్యాడు, రాత్రి వేళ ఎవరును అడుగకయే, పాత మాటతో మెయిలు తెచ్చుటకు పోయి తిరిగివచ్చుచుండెను. ఇవి చాలవన్నట్లు, మా యెరుకలో లేని కంప్యూటరొకటి, పది నిముషముల కొకమారు అదే ద్వారము కడకు వచ్చి, అదే చెల్లని మాట చెప్పి, గెంటివేయబడి, మరల వచ్చుచుండినట్లు తరువాత తెలిసినది. తెల్లవారునప్పటికి ఆ మెయిలు సంస్థవారు మమ్మందరిని దొంగలుగా నెంచి, నా ఫోనుతో సహా అన్నింటిని బయటికి నెట్టి, ఖాతాకు గడియ వేసిరి.

గడియ తీయుటకు ముందుగా వా రడిగిన ప్రశ్న, మీ తల్లిగారి పుట్టింటి పేరేమి, అని. సంఘమునకు తల్లి యెవరు? ఖాతా తెరచిననాటి కార్యదర్శి తన మాతృమూర్తి పుట్టింటి పేరు వ్రాసియుండును గాబోలు నని ఆయన పెండ్లి శుభలేఖ కొరకు వెదకితిమి. నవ్వవలదు, మనవారి శుభలేఖలో ఇరువైపుల తాతల పేర్లు, ఇంటిపేర్లు, ఊళ్లు సమస్తమును బంగారు సిరాతో అచ్చువేసి వేయిమందికి పంచుదుము గదా! మేనమామల యింటిపేరు తెలియని తెలుగు బంధువు ఎవడు? 1906 నాటికే బాల్టిమోరులోని ఒక బ్యాంకు ఖాతాదారుల సంతకపు కార్డు మీద తల్లి పుట్టింటి పేరు వ్రాయించుకొనుచుండెను; కన్నతల్లి యింటిపేరు పెండ్లితో మరుగుపడు సమాజములో అది కొంత రహస్యమైయుండవచ్చును. ఆ సమాజమునను అట్టి రహస్యములు నిలువలేదు. 2008లో ఉపాధ్యక్షపదవికి పోటీచేసిన సారా పేలిన్ యాహూ మెయిలును ఒక విద్యార్థి తెరచినది, పుట్టినతేదీ, పిన్‌కోడు, భర్తను తొలుత కలిసికొన్న చోటు అను మూడు సమాధానములతోనే. అవి మూడును ఊరందరికి తెలిసినవే. 2015లో గూగుల్ పరిశోధకులు తమ ఖాతాల ప్రశ్నలను పరీక్షించి, ఆంగ్లభాషీయుల ప్రియాహారమేదో ఒక్క ఊహలో చెప్పగల అవకాశము 19.7 శాతమని తేల్చిరి. ఆ ఆహారము పిజ్జా యని చెప్పనక్కరలేదు. మనవారిని అడిగియున్నచో బిరియానీతో అంతకంటె సులభముగా తేలియుండును.

శుభలేఖ దొరికినది, పుట్టింటి పేరు సరిపోయినది. కాని అంతటితో వారు తృప్తిపడక, చివర 36 గల నంబరునకు కోడు పంపితిమని చెప్పిరి. చివర 36 గల నంబరు మాలో ఎవరికిని లేదు. మాజీ అధ్యక్షులను అడిగితిమి. "అది అప్పటి సెక్రటరీగారిదై ఉంటుందండీ, ఆయన డాలస్ వెళ్ళిపోయారుగా" అనిరి. డాలసు వారు, "అయ్యో, ఫ్యామిలీ ప్లాన్ మార్చినప్పుడు ఆ నంబరు వదిలేశానండీ, ఐదేళ్ళవుతోంది" అనిరి. ఇక మిగిలినది ఆ నంబరునకే పిలిచి చూచుట. ట్రెంటను నుండి ఒక అమెరికా వనిత పలికెను. ఏటేట ఏప్రిలులో ఎవరో తనను ఎన్ని భోజనపు ప్లేట్లు కావలెనని అడుగుచుందురనియు, శాకాహారమా యని కూడ అడుగుదురనియు, వారు మీరేనా యనియు ప్రశ్నించెను. క్షమాపణ చెప్పి, ఇప్పుడు వచ్చిన ఆరంకెలను దయచేసి చెప్పుమని కోరితిని. ఆమె చెప్పలేదు. అట్టివి ఎవరికిని చెప్పరాదని తన బ్యాంకువారు హెచ్చరించిరని మర్యాదగా ఫోను పెట్టివేసెను. నాకు కోపము వచ్చినది. మరునాటికి ఆమె చేసినదే న్యాయమని తోచినది.

వదలిన నంబరు ఊరక యుండదు. ఈ దేశమున 45 దినములు ఆగిన పిమ్మట దానిని వేరొకరికి ఇయ్యవచ్చునని ఫోను సంస్థలపై అజమాయిషీ గల ఎఫ్‌సీసీ నియమము. హిందూదేశమున 90 దినములు వాడుక లేనిచో సిమ్ము చచ్చిపోవచ్చును. మన కూతవేటు దూరములోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమున కెవిన్ లీ, అరవింద్ నారాయణన్ అనువారు 2021లో రెండు పెద్ద ఫోను సంస్థలు కొత్త చందాదారులకు చూపుచున్న 259 నంబర్లను పరీక్షింపగా, వానిలో 171 ఎవరివో పాత ఖాతాలకు ఇంకను ముడివడియే యుండెను. ఆ ముడులలో ఎన్ని మనవో! ఊరినుండి ఊరికి, ఉద్యోగమునుండి ఉద్యోగమునకు మారువారమగుటచేత, మనకీ చిక్కు ఇతరులకంటె హెచ్చు. ఎం.ఎస్. చదువ వచ్చిన కుర్రవాడు తొలి ఖాతాలన్నిటికి విశ్వవిద్యాలయపు మెయిలే ఆధారముగా నిచ్చును; పట్టా వచ్చిన కొన్నాళ్లకు ఆ మెయిలు మూతపడును. హైదరాబాదు నంబరును బ్యాంకు కొరకు బ్రతికించుచు, నెల కింత రీచార్జి చేయుమని తమ్మునికి చెప్పి, తమ్ముడు మరచిన నెలలో దానిని పోగొట్టుకొనును. పాస్‌వర్డు మరచుట మానవసహజము, దానికి మందు కలదు. ఆ మందు పంపవలసిన చిరునామాయే మన వెనుక ఎక్కడనో ఒక పాత యింటిలో నిలిచిపోయినప్పుడు ఏ వైద్యుడును ఏమియు చేయలేడు.

ఈ సందర్భమున ఒక సభ్యులు, "వాళ్ళ దగ్గర మన పాస్‌వర్డ్ ఉంటుంది కదండీ, అడిగితే చెప్పరా?" అనిరి. ఉండదు. 1961లో ఎం.ఐ.టీ. యందు ఫెర్నాండో కోర్బటో బృందము ఒకే కంప్యూటరును పలువురకు పంచి యిచ్చు సీటీఎస్‌ఎస్ అను వ్యవస్థను నిర్మించి, ఎవరి దస్త్రములు వారివిగా నుండుటకు పాస్‌వర్డును ప్రవేశపెట్టినప్పుడు, ఆ మాటలన్నియు ఒకే ఫైలులో ఉన్నవి ఉన్నట్లుగా నుండెను. మరుసటి యేడు అలన్ షెర్ అను పరిశోధక విద్యార్థి, తనకిచ్చిన వారమునకు నాలుగు గంటలు చాలక, ఆ ఫైలునే అచ్చువేయుమని చిల్లులకార్డు పెట్టి, అందరి మాటలును కాగితము మీద పొందెను. పాస్‌వర్డుతో పాటే పాస్‌వర్డు దొంగతనమును పుట్టినదన్న మాట. 1979లో ఇదే న్యూజెర్సీలో, మర్రే హిల్‌నందలి బెల్ ప్రయోగశాలవారగు రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ అనువారు ప్రకటించిన పద్ధతి ప్రకారము, మాటను కాక, దానిని నలగగొట్టిన పిండిని మాత్రమే దాచుదురు. పిండినుండి బియ్యము తిరిగి రాదు. మీరు చెప్పిన మాటను మరల దంచి, పిండికి పిండిని పోల్చి చూచుటయే. కావున నిజాయితీ గల ఏ సంస్థయు మీ మాటను మీకు చెప్పజాలదు. కొత్త మాట పెట్టుకొనుటకు అనుమతి నియ్యగలదు, అదియు మీరు మీరేనని తేలినప్పుడు.

మేము మేమేనని తేల్చిన సాక్షి విచిత్రమైనది. పది నిముషముల కొకసారి వచ్చి గెంటువడుచుండిన ఆ అజ్ఞాత యంత్రము, పూర్వ కోశాధికారిగారి గరాజులో, దీపావళి దండల పెట్టె ప్రక్కన, ఎవరును ఆర్పని కంప్యూటరని మార్చిలో బయటపడినది. చాలకాలము వాడిన యంత్రమునుండి, అలవాటైన చోటునుండి ప్రయత్నించినవారిని ఈ సంస్థలు కొంత నమ్మును. చలికి కోటు తొడుగుకొని ఆ గరాజులో కూర్చుండి, ఆ కంప్యూటరునుండియే అర్జీ పెట్టితిమి, కొన్ని దినములు వేచియుండుమనిరి, వేచితిమి, ద్వారము తెరచుకొన్నది. కొంప ముంచినదియు, గట్టెక్కించినదియు ఆ పాత డబ్బాయే.

లోపల మూడు వందల పైచిలుకు ఉత్తరములు వేచియుండెను. వానిలో నొకటి ఒక సోదరి వ్రాసినది: భర్త గతించి నలుబది దినములైనదనియు, నివాళి పుటకు మంచి ఛాయాచిత్రము కావలెననిన, ఉన్నవన్నియు ఆయన ఫోనులో నున్నవనియు, ఆ ఫోను తెరచు అంకెలు ఆయనతోనే పోయినవనియు. గూగుల్ 2013 నుండియు, ఆపిల్ 2021 నుండియు, తన యనంతరము ఖాతాను ఎవరు చూడవలెనో బ్రతికియుండగనే పేర్కొను వీలు కల్పించినవి. ఆ ఉత్తరము చదివిన రాత్రియే నేను ఆ పని చేసితిని. ఆమెకు మాత్రము 1998 నాటి సంఘపు వనభోజనపు చిత్రమొకటి వెదకి ముద్రించితిమి; ఆయన అందులో పులిహోర వడ్డించుచున్నారు.

ఈ రభసలోనే గుంటూరునుండి మా అమ్మ ఖాతాయు మొరాయించినది. ఆ ఖాతా తెరచినవాడను నేను, మీట లెరిగినవాడను నేను, నంబరు ఆమెది. ఇచట రాత్రి పది, అచట ఉదయము ఏడున్నర. వీడియోలో ఆమె కాఫీ గ్లాసు కనబడుచుండెను.

"అమ్మా, ఫోనుకి ఆరంకెలు వచ్చాయా? చదువు."

"వచ్చాయి. చెప్పను."

"నేనే కదమ్మా అడుగుతున్నది!"

"ఓటీపీ కన్నకొడుక్కి కూడా చెప్పొద్దని మొన్న బ్యాంకులో అన్నారు. నీ గొంతు పెట్టి ఎవరైనా మాట్లాడితే?"

రిజర్వు బ్యాంకు 2009లో ఆన్‌లైను కార్డు చెల్లింపులకు రెండవ ధ్రువీకరణమును తప్పనిసరి చేసిన నాటినుండి ఓటీపీ యనునది తెలుగు మాటయే అయినది గాని, దాని శాస్త్రమును మా అమ్మ యంత శ్రద్ధగా నభ్యసించినవారు అరుదు. ట్రెంటను వనిత జ్ఞాపకము వచ్చి నోరు మెదపలేదు. గడువు తీరినది. రెండవ పర్యాయము అంకెలు అడుగుట మాని, ఏ గడిలో వానిని వేయవలెనో చెప్పితిని, ఆమెయే వేసెను, కొత్త మాట ఆమెయే పెట్టుకొనెను, అదేమో నేటికిని నాకు తెలియదు.

సంఘపు ఖాతాకు ఇప్పుడు సంఘమునకే చెందిన నంబరు ఆధారముగా నున్నది. ఒక్కొక్కటి ఒక్కసారి మాత్రమే పనిచేయు ఎనిమిదంకెల కోడులు పది, కాగితము మీద అచ్చువేసి, లక్క వేసిన కవరులో పెట్టి, వెండి కుందుల పెట్టెలో నుంచితిమి. జాబితాలో కుందుల తరువాతి వరుస దానిదే. గరాజులోని యంత్రమును ఆర్పివేయుమని నేను చెప్పలేదు, కోశాధికారిగారును ఆర్పలేదు. పాస్‌వర్డే అక్కరలేని పాస్‌కీ యను పద్ధతి వచ్చినదని, వ్రేలిముద్ర చాలునని యువసభ్యులు చెప్పుచున్నారు. వచ్చు కార్యవర్గము ఎవరి వ్రేలు పెట్టవలెనో నిర్ణయించుకొనును గాక.

కొత్త మాట ఎక్కడ వ్రాసికొంటివని అమ్మ నడిగితిని. వంటింటి గోడమీది వెంకట్రామా క్యాలెండరు వెనుకపుటలో, పాలవాని లెక్కల క్రింద. ఏడు మారగానే క్యాలెండరు పారవేయుదురు గదా యంటిని. డిసెంబరు ముప్పదియొకటవ తేదీ సాయంకాలము, తద్దినముల తిథులు దింపుకొనునప్పుడే, దానిని కూడ కొత్తదానిలోనికి దింపుకొందునని చెప్పినది.