లినక్స్‌ దారికి అడ్డం అక్షరమే

మైక్రోసాఫ్ట్ సంస్థ 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు ఉచిత భద్రతా సవరణలు ఆపివేశాక, కడప, ప్రొద్దుటూరు, బద్వేలు, ఆళ్లగడ్డ దారులు కలిసే మైదుకూరు వంటి పట్టణంలో పెళ్లిపత్రికలు, కరపత్రాలు, దరఖాస్తులు టైపు చేసి బతికే డీటీపీ కేంద్రాల వారు కొత్త కంప్యూటరు కొనడమా, ఉన్నదానిలోనే వేరే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోవడమా అన్నది ఇక తేల్చుకోక తప్పదు. ఆపరేటింగ్ సిస్టమ్ అంటే కీబోర్డు, తెర, ప్రింటరు, డిస్కు వంటి పరికరాలకూ వాటిని వాడుకునే ప్రోగ్రాములకూ నడుమ ఉండి అన్నిటినీ నడిపించే మూల సాఫ్ట్‌వేర్. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, ఇంటెల్ ప్రాసెసరైతే సుమారుగా ఎనిమిదో తరం లేదా ఆ తరువాతిది కావాలి గనుక, 2017కు ముందు కొన్న యంత్రాలు బాగానే పనిచేస్తున్నా చాలావరకు ఆ గడప దాటలేవు. నమోదు చేసుకున్నవారికి మైక్రోసాఫ్ట్ ఇచ్చిన ఏడాది పొడిగింపు 2026 అక్టోబరు వరకే.

రెండో దారి లినక్స్. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు సాధనాలూ, లినస్ టోర్వాల్డ్స్ 1991లో రాసిన కెర్నల్, అంటే పరికరాలతో నేరుగా మాట్లాడే కేంద్రభాగమూ కలిసి ఏర్పడిన ఈ వ్యవస్థకు ఉబుంటు, మింట్ వంటి అనేక రూపాలున్నాయి. నాలుగు జీబీల మెమరీ ఉన్న పాత యంత్రంలోనూ మింట్ నడుస్తుంది. డిస్కు జోలికి పోకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూసుకునే వీలూ ఉంది. అయితే లినక్స్ ఉచితమన్న ఒక్క మాటతో చిన్న పట్టణాలను ఒప్పించాలనుకోవడం పొరపాటు, ఎందుకంటే క్రాక్ చేసిన విండోస్ వాడేవారు దానికి ఎన్నడూ డబ్బు కట్టలేదు. చెప్పవలసిన అసలు కారణం వేరు. ఆధార్ నకళ్లు, పాసుపుస్తకాలు, బ్యాంకు ఖాతా వివరాలు, ఊరందరి పెన్‌డ్రైవులు రోజూ ఆ యంత్రాల గుండానే పోతాయి. పసుపు పండించే రైతు తన కాగితాలను నమ్మకంతో ఆ బల్లమీద పెడుతున్నాడు. సవరణలు ఆగిపోయిన యంత్రంలో వాటిని స్కాన్ చేయడం ఆ నమ్మకానికి ద్రోహమే అవుతుంది.

మరి ఇంత మేలున్నా ఎవరూ ఎందుకు మారడం లేదని విచారిస్తే, అడ్డం విండోస్ కాదు, తెలుగు అక్షరమేనని తేలుతుంది. తెలుగు డీటీపీ పని ఇన్నేళ్లుగా ప్రధానంగా ‘అను’ అనే ఫాంట్ల మీద, 2001లో వచ్చిన 7వ వెర్షన్‌తో ఎదుగుదల ఆగిపోయిన అడోబి పేజ్‌మేకర్ మీద నడుస్తోంది. అను వంటి ఫాంట్లలో తలకట్టు, గుడి, కొమ్ము, వొత్తు అనే ముక్కలను ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన స్థానాల్లో కూర్చోబెట్టారు. కాబట్టి ఫైలులో ఉండేది తెలుగు కాదు, ఆ ఫాంటు ఉన్నచోట మాత్రమే తెలుగులా కనిపించే ఇంగ్లీషు గుర్తుల వరుస. యూనికోడ్ అనే అంతర్జాతీయ ప్రమాణం దీనికి భిన్నంగా ప్రతి అక్షరానికీ ప్రపంచమంతటా చెల్లే ఒక సంఖ్యను ఇస్తుంది, 1991 నాటి తొలి వెర్షన్‌లోనే తెలుగుకూ చోటు దక్కింది. మైదుకూరు అన్న మాటనే తీసుకుంటే, యూనికోడ్‌లో అది మ, ఐత్వం, ద, కొమ్ము, క, కొమ్ముదీర్ఘం, ర, కొమ్ము అనే ఎనిమిది సంకేతాలు. ఫోనులో తెరిచినా, లినక్స్‌లో వెతికినా, విండోస్‌లో అచ్చువేసినా అవే ఎనిమిది. అదే మాటను అనులో కొట్టి ఫాంటు లేని యంత్రానికి పంపితే చేరేది అర్థంలేని గీతలే. పదిహేను, ఇరవై ఏళ్లుగా కూర్చిన పత్రికలూ పుస్తకాలూ ఆ రూపంలో బందీగా ఉన్న దుకాణదారుకు ఆపరేటింగ్ సిస్టమ్ మార్చమని సలహా చెప్పడం కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిన చందమే.

ఈ చిక్కు విడదీయడానికి కావలసినవి మాత్రం చాలావరకు సిద్ధంగా ఉన్నాయి. తిరుమల కృష్ణ దేశికాచారి రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు లినక్స్ భాండాగారాల్లోనే దొరుకుతాయి; సిలికానాంధ్ర చొరవతో వచ్చిన సూరన్న, రామభద్ర, మండలి, పెద్దన వంటివి స్వేచ్ఛా లైసెన్సుతో ఉన్నాయి. పుట కూర్పుకు స్క్రైబస్ ఉంది, 2024లో వచ్చిన 1.6 వెర్షన్‌తో అది తెలుగు వొత్తులను సరిగా పేర్చగలుగుతోంది. అన్నిటికన్నా విలువైన వెసులుబాటు వేళ్లకు సంబంధించినది. చేయి తిరిగిన ఆపరేటరు భయపడేది కొత్త తెరకు కాదు, ఏళ్ల తరబడి వేళ్లకు పట్టిన కీబోర్డు వరుస పోతుందేమోనని. ఆపిల్ అని పిలిచే ఆ వరుసను అనుకరించే తెలుగు అమరిక లినక్స్‌లోని ఎమ్17ఎన్ అనే ఉచిత సాధనంలో ఉన్నందున, పాత వేళ్లతోనే యూనికోడ్ కొట్టుకోవచ్చు. ఈ ఒక్క సంగతి ఆపరేటర్లకు చేరకపోవడం విచారకరం.

చిక్కులు లేవనడం కూడా నిజాయితీ కాదు. డీటీపీ బల్లల మీద తరచుగా కనిపించే కానన్ ఎల్‌బీపీ 2900 ప్రింటరు క్యాప్ట్ అనే సొంత పద్ధతిలో కంప్యూటరుతో మాట్లాడుతుంది గనుక లినక్స్‌లో దాన్ని పనిచేయించడం ఓపికకు పరీక్ష. హెచ్‌పీ ప్రింటర్లకైతే ఆ సంస్థే బహిరంగ డ్రైవరును నిర్వహిస్తోంది. వేలిముద్ర పరికరాల సాఫ్ట్‌వేరు ఎక్కువగా విండోస్‌కూ ఆండ్రాయిడ్‌కూ వస్తోంది, ట్యాలీ లెక్కలూ విండోస్ మీదే. ఈ పనులున్న యంత్రాన్ని మార్చకూడదు.

ఇన్ని చిక్కులున్నా లినక్స్‌కు మారడం కేరళ బడుల్లో పెద్దయెత్తున జరిగింది. 2019లో రెండు లక్షలకు పైగా బడి కంప్యూటర్లలో లినక్స్ కొత్త రూపాన్ని నెలకొల్పినప్పుడు, దానివల్ల 3,000 కోట్ల రూపాయలు ఆదా అవుతాయని అక్కడి ప్రభుత్వ విద్యాసాంకేతిక సంస్థ కైట్ అంచనా కట్టింది. ఉపాధ్యాయుల శిక్షణతోపాటు రచన, మీరా వంటి స్వేచ్ఛా మలయాళ యూనికోడ్ ఫాంట్లు అందుబాటులో ఉండటం అక్కడి బలం. తెలుగునాట స్వేచ్ఛ అనే సంస్థ తెలుగులోనే కనిపించే లినక్స్‌ను తయారుచేసినా, దాని వెనుక ప్రభుత్వ విద్యాశాఖ అంతటి బలం నిలబడలేదు.

కాబట్టి మైదుకూరు దుకాణంలో క్రమం తిరగబడాలి: ముందు విండోస్‌లో ఉండగానే అక్షరాన్ని యూనికోడ్‌కు మార్చి, పాత ఫైళ్లలో మళ్లీ అవసరమయ్యేవాటిని మార్పిడి సాధనాలతో విడిపించి, వొత్తులూ విరామచిహ్నాలూ ఒకసారి కంటితో సరిచూసుకుని, ఆ తరువాతే వ్యవస్థను ముట్టుకోవాలి. దానికి తగిన కాలం ఆషాఢం. ముహూర్తాలు లేక పెళ్లిపత్రికల పని సన్నగిల్లే ఆ నెలలో రెండో యంత్రంలో లినక్స్ వేసి, ఒకటి రెండు పాత పత్రికలను స్క్రైబస్‌లో తిరిగి కూర్చి ప్రింటు తీసి చూసుకుంటే, శ్రావణంలో వచ్చే మొదటి పెళ్లిపత్రికను ఆ యంత్రం మీదే కూర్చవచ్చు.