ఇంటికి చేరని ఫ్యాక్టర్

హీమోఫీలియా ఉన్న పిల్లలకు రక్తస్రావం మొదలైన తొలి రెండు గంటలు ఎంతో కీలకమని వైద్యులు ఏనాడో తేల్చిచెప్పారు. మన దేశంలో మాత్రం ఆ గంటలు చాలామందికి బస్సుల్లోను, ఆస్పత్రి వరండాల్లోను గడచిపోతున్నాయి. మోకాలిలో రక్తం చేరిన ప్రతిసారీ కీలు మరికొంత అరిగిపోతుంది. ఆలస్యానికి మూల్యం వైకల్యమే.

రక్తాన్ని గడ్డకట్టించే ప్రొటీన్లలో ఎనిమిదో ఫ్యాక్టర్ కొరవడితే ‘ఎ’ రకం, తొమ్మిదోది కొరవడితే ‘బి’ రకం హీమోఫీలియా అంటారు. సుమారు 5,000 మంది మగశిశువులలో ఒకరు ‘ఎ’ రకంతో పుడుతున్నారని అంచనా. కొరవడిన ఫ్యాక్టర్‌ను సిరలోకి ఎక్కించడమే ప్రధాన చికిత్స. సాధారణ రకం మందైతే ఎక్కించిన పన్నెండు గంటల్లోపే ఎనిమిదో ఫ్యాక్టర్ సగానికి పడిపోతుంది. కనుక ముందుజాగ్రత్తగా ఇవ్వాలంటే వారానికి రెండు మూడుసార్లు సూది తప్పదు. సంపన్న దేశాలలో 1970ల నుంచే తల్లిదండ్రులు శిక్షణ పొంది ఈ పనిని ఇంటివద్ద చేస్తున్నారు.

ఇంటివద్ద అన్నంత మాత్రాన సులువని భావించరాదు. పొడి మందును ద్రావకంతో కలిపి, కుదపకుండా నెమ్మదిగా తిప్పాలి. సిర దొరకాలి, బిడ్డ కదలకుండా కూర్చోవాలి. ఆటపాటల వేళకు రక్షణ ఉండాలి గనుక ఇదంతా బడికి వెళ్లేముందే జరగాలి. అన్న చేతికి సూది గుచ్చే సమయంలో చెల్లెలికి జడ వేసేదెవరన్నది పైకి చిన్న విషయమే. వారానికి మూడుసార్లు, ఏళ్ల తరబడి ఎదురైతే అది చిన్నది కాదు. వేసవిలో కరెంటు పోతే ఫ్రిజ్‌లోని సీసాల గురించి దిగులుపడేది కూడా ఆ తల్లే. లోపం ఉన్న జన్యువు తల్లి నుంచి సంక్రమిస్తుందన్న కారణంగా అత్తింట నింద మోసేదీ ఆమే. దాదాపు మూడోవంతు కేసులలో కుటుంబ చరిత్రే ఉండదన్న సంగతి నిందించేవారికి తెలియదు.

చట్టం కొంత కదిలింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో హీమోఫీలియా ఒకటి. అయితే అదే చట్టంలోని ఉద్యోగ రిజర్వేషన్ల జాబితాలో రక్త సంబంధ వ్యాధులకు చోటు దక్కలేదు. వికలాంగ బిడ్డ సంరక్షణకు తల్లికి సెలవు నిరాకరించడం తగదని 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు హిమాచల్ ప్రదేశ్ ప్రభుత్వాన్ని మందలించింది. హర్షించదగినదే. కాని ఆ సెలవు సర్కారీ కొలువులో ఉన్నవారికి. కూలికి పోయే తల్లికి సెలవంటే ఆనాటి కూలి పోవడమే. పన్నుల విషయంలోనూ ఇదే తీరు. 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 80 డిడిబి సెక్షన్ ఈ వ్యాధి చికిత్స ఖర్చుపై 40,000 రూపాయల వరకు మినహాయింపునిచ్చింది. 2020లో ప్రవేశపెట్టిన కొత్త పన్ను విధానాన్ని ఎంచుకున్నవారికి మాత్రం దానిని నిరాకరించారు.

ఫ్యాక్టర్‌ను ఇంటికిస్తే దుర్వినియోగమవుతుందన్న వాదన తరచు వినిపిస్తుంది. ఖరీదైన మందు గనుక ఆ జాగ్రత్త సమంజసమే. తొలి మోతాదులు వైద్యుల కళ్లముందే ఇవ్వాలి, ప్రతిచర్యలను కనిపెట్టి ఉండాలి. కాని ఖాళీ సీసాలను, వాడిన తేదీలు రాసిన పుస్తకాన్ని చూపిస్తేనే తదుపరి సీసాలు ఇచ్చే పద్ధతి పెట్టడానికి గొప్ప యంత్రాంగమేమీ అవసరం లేదు. కేరళ ప్రభుత్వం మరో అడుగు ముందుకు వేసి, 18 ఏళ్లలోపు హీమోఫీలియా బాధితులకు ఎమిసిజుమాబ్ ఇవ్వాలని 2024లో నిర్ణయించింది. ‘ఎ’ రకానికి పనిచేసే ఈ మందును చర్మం కిందే ఇస్తారు, సిర వెతకవలసిన పని లేదు. మోతాదును బట్టి వారానికో, రెండు వారాలకో, నాలుగు వారాలకో ఒకసారి చాలు. ‘బి’ రకం పిల్లలకు ఇది ఉపయోగపడదు, వారికి పాత సూదే గతి.

ఇతర రాష్ట్రాలు కేరళను అనుసరించే వరకైనా, ఒకటి రెండు మోతాదుల ఫ్యాక్టర్‌ను కుటుంబం చేతికిచ్చి, సూది వేయడం నేర్పి పంపవచ్చు. అర్ధరాత్రి చీలమండ వాచిన పిల్లవాడికి జిల్లా ఆస్పత్రి తలుపులు తెరిచేవరకు ఆగవలసిన అవసరం అప్పుడు ఉండదు.