లెక్క కుదిరింది, పేరు తప్పింది

తండ్రిని కోల్పోయిన ఒక యువతి ఇటీవల బరంపురంలో నా వద్దకు వచ్చింది. వారసత్వ ధ్రువపత్రం కోసం ఆమె పెట్టుకున్న దరఖాస్తు తిరిగివచ్చింది. తండ్రి ఇంటిపేరు 'రావు' అనీ, కూతురి ఇంటిపేరు 'కుమారి' అనీ కంప్యూటరు చెబుతోందట! పాత దస్త్రంలో ఇద్దరిదీ ఒకే ఇంటిపేరు. ఆ కార్యాలయం ప్రజల ఖాతాలను కొత్త సర్వరుకు తరలించిన నాడు ఒకే కుటుంబం రెండుగా చీలిపోయింది.

దోషం ఎక్కడుంది? మనం ఇంటిపేరును ముందు రాసుకుంటాం; ఒడియావారు చివర రాస్తారు. కొత్త పట్టిక చివరి మాటనే ఇంటిపేరుగా తీసుకుంది. లిపితో మరో చిక్కు. ఒడియాలో ఎ, ఏలకు ఒకే అక్షరం. ఒ, ఓలకూ అంతే. తెలుగు పేరు ఒడియాలోకి, అక్కడినుంచి ఇంగ్లీషులోకి మారేసరికి హ్రస్వమేదో దీర్ఘమేదో తెలియదు. ఆ పేరు ఆధార్‌లోని పేరుతో కలవకపోతే పని ఆగిపోతుంది.

ఇది ఒడియా సోదరులపై ఫిర్యాదు కాదు. పాత సర్వరులో ఎన్ని ఖాతాలున్నాయో కొత్తదానిలోనూ అన్నే ఉంటే తరలింపు పూర్తయిందనుకునే పద్ధతిపై ఫిర్యాదు. ఖాతాల లెక్క కుదిరినంత మాత్రాన మనిషి భద్రంగా చేరినట్లు కాదు.

గంజాం ప్రజలకు తరలింపు కొత్త కాదు. 1936 ఏప్రిల్ 1న ఈ జిల్లాలో అధికభాగం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఒరిస్సాకు మారింది. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి అటే నిలిచాయి. మనుషులు ఉన్నచోటనే ఉండగా ప్రభుత్వం మారింది. నాటి మార్పు అందరికీ కనిపించింది. నేటి తరలింపు ఒక్క రాత్రిలో, ఎవరికీ కనిపించకుండా జరిగిపోతుంది.

చట్టం మన పక్షాన లేకపోలేదు. రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విజ్ఞప్తి చేసుకునే హక్కును రాజ్యాంగం 350వ అధికరణం ఇచ్చింది. తన వివరాల్లోని తప్పును దిద్దించుకునే హక్కును 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం గుర్తించింది. అయితే తప్పు జరిగాక దిద్దించుకోవడం కన్న జరగకుండా చూడటమే న్యాయం.

మేము కోరేవి నాలుగు. ఇంటిపేరుకు వేరే గడి ఉండాలి. పౌరుడు తన లిపిలో రాసుకున్న పేరును యూనికోడ్‌లో యథాతథంగా భద్రపరచాలి. కొత్త వివరాలను ఖాతాదారుకు చూపి, సరేననిపించుకోవాలి. అంతవరకు పాత దస్త్రాన్ని చెరిపివేయరాదు.

పాఠకులకు ఒక మనవి. మీ పాత పట్టాలు, రేషన్ కార్డులు, బడి ధ్రువపత్రాలు పారవేయకండి. కొత్త పట్టికలో మీ పేరు ఎలా ఉందో ఈ నెలలోనే చూసుకోండి. తప్పుంటే లిఖితపూర్వకంగా అడగండి, రసీదు తీసుకోండి. మన పేరును మనం కాపాడుకోలేనినాడు భాషను కాపాడుకుంటామనడం వట్టి మాట.