తాళపుచెవి అడుగు చేయి

పెండ్లిండ్ల దినములు సమీపించుచున్నవి. త్రాగి బండి నడుపవలదని సంఘపక్షమున హెచ్చరిక పలకలు వేయించవలెనని కార్యవర్గమున మాట వచ్చినది. నమూనా ఒకటి మా ముందున్నది: పుఱ్ఱె, అడ్డముగా రెండెముకలు, పగిలిన సీసా, నెత్తురు చుక్కలు, క్రింద పదునాలుగు పంక్తుల ఉపదేశము, అంచున సంఘపు పెద్దల ఛాయాచిత్రములు. అందు మాదియు ఒకటి. దీనిని మేము అంగీకరింపజాలము.

గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి మూడు సెకన్లలో 50 మీటర్లు దాటును. ఆ వ్యవధిలో కన్ను పట్టగలిగినది ఒక బొమ్మ, నాలుగైదు మాటలు. సరిహద్దు రహదారుల సంస్థవారు హిమాలయ మార్గములలో పసుపు పలకపై నల్లని అక్షరములతో ‘ఆఫ్టర్ విస్కీ, డ్రైవింగ్ రిస్కీ’ అని వ్రాయించిరి. చదివినవాడు మరువడు. కాని ఆ ప్రాస ఇంగ్లీషు సొత్తు. తెనిగించిన ప్రాణము పోవును.

ఇక భయపెట్టుట. 2025 అక్టోబరు 24న కర్నూలు జిల్లా చిన్నటేకూరు వద్ద, త్రాగి నడిపినవాని మోటారుసైకిలు రహదారిపై పడియుండగా బెంగుళూరు బస్సు దానిపైకి పోయి అంటుకొనినది. 19 మంది ప్రయాణికులు దగ్ధమైరి. ఆ పిమ్మట హైదరాబాదు పోలీసు కమిషనరు సజ్జనార్ గారు త్రాగి నడుపువారు ఉగ్రవాదులే యని ప్రకటించినారు. ఆగ్రహము న్యాయమైనదే. అయినను ఆ పేరు ఎంత కఠినమో, అది మన ఇంటివానికి వర్తించునని నమ్ముట అంత కష్టము. మన అల్లుడు ఉగ్రవాది యని ఎవరొప్పుకొందురు? పుఱ్ఱె బొమ్మకును ఇదే గతి.

అమెరికాలో 1983లో వెలువడిన ప్రకటనలో విందున ఎత్తిన గ్లాసులు ఒకదానినొకటి తాకి భళ్లున పగులును. మద్యము, మోటారు కలిసిన స్నేహము చచ్చునని దాని భావము. 1990లో మరొక అడుగు ముందుకు వేసి, స్నేహితుడైనవాడు త్రాగిన స్నేహితుని బండి నడుపనీయడు అనిరి. మాట త్రాగినవానితో గాక ప్రక్కవానితో చెప్పబడినది. మనదేశమున టెలివిజనులో మద్యప్రకటనలు నిషిద్ధములు. ఆ పేళ్లే సోడాసీసాలపై తిరిగి వచ్చును. అందు కనబడునది మద్యము కాదు, నవ్వుచున్న మిత్రబృందము. వ్యాపారులమైన మాకు ఆ కిటుకు తెలియును.

గత మాఘమున మనవారి పెండ్లిలో ఒక యువకుడు తూలుచు లేచెను. మేమును నలుగురు పెద్దలును పందిటి వాకిట కూర్చుండియుంటిమి. “జాగ్రత్త నాయనా, ఔరాదు ఎంత దూరము!” అని సాగనంపితిమే కాని తాళపుచెవి ఇమ్మని అడుగలేదు. వియ్యాలవారు నొచ్చుకొందురని మొగమాటము. నిలిచియున్న చెఱకుబండిని తాకి అతడు కాలు కోల్పోయెను. అతని తల్లి నేటికిని మా దుకాణమునకు సరకులకు వచ్చును, ఏమియు అనదు. ఆ వాకిట పుఱ్ఱె వ్రేలాడియున్నను అతడు చూచియుండడు. చూడవలసినవారము మేము.

కనుక పలక రోడ్డుప్రక్కన వలదు. కల్యాణమంటపపు వాకిట, చేతులు కడుగుకొను చోట ఉండవలెను. తెల్లని నేలపై ఒక స్త్రీ చేయి, గాజులతో, అరచేయి పైకి చాచి. దానిపై బండి తాళపుచెవి. అంతే. “తాళము ఇచ్చి పొండి, తెల్లవారి తీసుకొండి” అని పైన కన్నడమున, క్రింద తెలుగున వ్రాయింతము. 1956లో బీదరు జిల్లా మైసూరు రాష్ట్రమున చేరినది మొదలు మన పిల్లలు కన్నడమే చదివిరి. తెలుగు అక్షరము పోల్చుకొనగలరు. ఏ లిపియు రానివానికి ఆ చేయి చాలును.

చట్టము సంగతి శుభలేఖతో చిన్న కాగితమున వేయవచ్చును: 100 మిల్లీలీటర్ల నెత్తుటిలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు మించిన, 2019 సవరణ ప్రకారము మొదటి తప్పునకే ఆరు నెలల వరకు ఖైదు, లేక 10,000 రూపాయల జరిమానా, లేక రెండును. తాళములు పుచ్చుకొన్న పెండ్లివారు ఆ రాత్రి పడకకు చాపలు, దుప్పట్లు చూపక తప్పదు. అది లేనిచో పలక వట్టి రేకు.

నాలుగు పలకల ఖర్చు మేము భరింతుము. పుఱ్ఱెయే కావలెననువారు ఆదివారపు సమావేశమునకు వచ్చి వాదింపవచ్చును. మా ఛాయాచిత్రము మాత్రము వలదు.