పొడియం మీద ఈతకొలను కోసం మన నేల వదులుకుందామా?

పోస్టు కొంచెం పొడుగైంది. వచ్చే ఆదివారం జనరల్ బాడీ ఉంది కాబట్టి ఓపికగా చదవండి. చదివినాక నన్ను తిట్టాలనిపిస్తే గ్రూపులోనే తిట్టండి, మెట్ల దగ్గర కాదు.

బిల్డర్ ఇచ్చిన రంగుల పుస్తకం ఇప్పటికి అందరి ఖోలీల్లోకీ చేరింది. ఏడో అంతస్తు పొడియం మీద నీలం రంగు ఈతకొలను, పక్కన జిమ్ము, మినీ థియేటర్, యోగా డెక్. బొమ్మలో కొలను పక్కన పడుకున్న మనిషి మన చాళ్‌లో ఎవరిలాగా ఉన్నాడో నాకు మాత్రం తెలియలేదు. మన పిల్లలు ఆ పేజీ ఫోటో తీసి స్టేటస్ పెట్టుకున్నారు. పెట్టుకోనీండి. నూట అరవై అడుగుల ఖోలీలో ఆరుగురు పడుకుని పెరిగిన పిల్లలకు ఆ బొమ్మ చూస్తే ఆశ పుట్టదా?

పోయిన మీటింగులో ఒక తమ్ముడు లేచి ఒక మాట అన్నాడు. "అన్నా, సేల్ టవర్ వాళ్లకు స్విమ్మింగ్ పూల్ ఉండొచ్చు, మనకు ఉండొద్దా? మనం తక్కువనా?" అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఆ మాటలో నొప్పి ఉంది. ఈ ముంబయిలో ఎన్నో చోట్ల పాత కిరాయిదారులకు వెనక గేటు, కొత్తగా కొన్నవాళ్లకు ముందు గేటు. అట్లాంటి గోడ మన దగ్గర లేవనీయకూడదు. అక్కడి వరకు తమ్ముడితో నేను కలిసే ఉన్నాను. కానీ గోడ వద్దనడం వేరు, కొలను కావాలనడం వేరు. ఈ రెండిటినీ మనం కలిపేస్తున్నాం. బిల్డర్‌కు కావలసింది కూడా అదే.

లెక్క చూద్దాం. పాతవాళ్లం తొంభై, కొత్తగా వచ్చేవాళ్లు నూట పది, మొత్తం రెండు వందల ఫ్లాట్లు, ఒకటే సొసైటీ. కొలను నీళ్లు, మందు, మోటార్ల కరెంటు, కాపలాకు లైఫ్‌గార్డు, జిమ్ము మిషన్ల రిపేరు, ఏసీ, ఊడ్చేవాళ్లు, అన్నీ కలిపి నెలకు మూడు లక్షలు అనుకుందాం. మన రాష్ట్రంలో హౌసింగ్ సొసైటీ బైలాస్ ప్రకారం సర్వీస్ ఛార్జీలు ఫ్లాటు సైజును బట్టి కాదు, ఫ్లాటుకింత అని సమానంగా పడతాయి. అంటే పెద్ద ఫ్లాటు కొన్నవాడికి పదిహేను వందలు, మన చిన్న ఫ్లాటుకూ పదిహేను వందలు. ఇంకా లిఫ్టు, సెక్యూరిటీ, వాటర్ ఛార్జీ, సింకింగ్ ఫండ్ రాయనే లేదు.

ఇప్పుడు మిల్లులో పనిచేసి దిగిన మన తాతలను గుర్తు తెచ్చుకోండి. ఈపీఎస్ కనీస పెన్షన్ 2014 నుంచి నెలకు 1,000 రూపాయలు. ఆ తాత పెన్షన్ మొత్తం ఇచ్చినా కొలను బాకీ తీరదు! కొడుకు కట్టాలి. కొడుకు రెండేళ్లు కడతాడు, మూడో ఏడు ఇల్లు అమ్ముదామంటాడు. ఆ తర్వాత బద్లాపూరో, భివండీనో. టవర్ కట్టిన కొన్నేళ్లకే బోర్డు మీద పాత పేర్లు పోయి కొత్త పేర్లు రావడం మనం చుట్టుపక్కల చూస్తూనే ఉన్నాం. ఆ మనుషులను ఎవరూ తరమలేదు, మెంటెనెన్స్ బిల్లే తరిమింది.

"కార్పస్ ఫండ్ ఇస్తున్నాడు కదా" అంటారు. ఇస్తున్నాడు. దాని వడ్డీ ఎంత, ఖర్చు ఏటేటా ఎంత పెరుగుతుంది, ఈ రెండు అంకెలు ఒకే కాగితం మీద పక్కపక్కన రాసి చూపించమనండి. కమిటీవాళ్లను మూడు సార్లు అడిగాను. మూడు సార్లూ చాయ్ తాగించారు.

అయితే మనకేమీ వద్దా? ఎందుకు వద్దు! చాళ్‌లో మనకు ఇప్పటికే ఒక క్లబ్‌హౌస్ ఉంది, దాని పేరు గ్యాలరీ. పొద్దున కూరగాయలు తరగడం అక్కడే, పిల్లల చదువు అక్కడే, రాత్రి క్యారమ్ బోర్డు అక్కడే, పెండ్లిచూపుల ముచ్చట్లు అక్కడే. ఎవరింట్లో జ్వరమొచ్చినా నిమిషంలో తెలిసేది ఆ గ్యాలరీ వల్లనే. టవర్‌లో అది పోతుంది. ఇరవై రెండో అంతస్తులో తలుపు మూస్తే మా అమ్మలాంటి వాళ్లకు టీవీ తప్ప మనిషి కనబడడు. మనం అడగవలసింది పోతున్న ఆ గ్యాలరీకి బదులు. మనకు ఎన్నడూ లేని కొలను గురించి బిల్డర్ మాట్లాడిస్తుంటే, ఉన్నది పోతున్న సంగతి మనం మరిచిపోతున్నాం.

బదులు అంటే ఏమిటో కూడా చెబుతాను. కింద నేల మీద బతుకమ్మ ఆడేంత జాగా. ఇప్పుడు మన ఆడవాళ్లు రెండు చాళ్ల మధ్య మోటార్ సైకిళ్లు జరిపించి ఆడుతున్నారు, రేపు రెండు వరుసల కార్ల మధ్య ఆడమంటారా? అదే జాగాలో మిగతా రోజులు పిల్లల కబడ్డీ. చుట్టూ చెట్లు, పెద్దవాళ్లకు వీపు ఆనించే బెంచీలు, కిందనే ఒక బాత్‌రూమ్ (షుగర్ ఉన్నవాళ్లకు దీని విలువ తెలుసు). సభ్యులకు కిరాయి లేని హాలు ఒకటి, పదహారో రోజుకైనా పసుపు కుంకుమకైనా. క్యారమ్‌కు, పేపర్లకు ఒక గది. వీటిని నడపడానికి లైఫ్‌గార్డు అక్కర్లేదు, ట్యూబ్‌లైటు చాలు.

నేల మీద అని ఎందుకు పట్టుబడుతున్నానంటే, ఇది నా ముచ్చట కాదు. 2013 డిసెంబర్ 17న సుప్రీంకోర్టు ముంబయి మున్సిపల్ కార్పొరేషన్ కేసులోనే తీర్పు ఇచ్చింది. అప్పటి నియమాల ప్రకారం కనీసం వదలవలసిన ఆటస్థలం నేల మీదనే ఉండాలి, పొడియం మీద చూపిస్తే చెల్లదు, పొడియం మీద పెట్టేది అదనం మాత్రమే అని. ఆ తర్వాత నియమాలు మారాయి. కాబట్టి మన ప్లాన్‌లో నేల మీద ఎంత, పొడియం మీద ఎంత అన్నది మన ఆర్కిటెక్ట్ సంతకంతో రాసి ఇవ్వాలి. ఏడో అంతస్తు కాంక్రీటు మీద వేపచెట్టు పెరగదు, కుండీలో తులసి పెరుగుతుంది. కింద నేలంతా పార్కింగ్ అయితే దాన్ని అమ్ముకునేది ఎవరో మీకు తెలుసు.

కొలను కావాలనే తమ్ముళ్లకు ఒక మాట. కొత్తగా కొన్నవాళ్లకు కావాలంటే కట్టుకోనీండి. వాడేవాళ్లు డబ్బు కట్టే పద్ధతి పెట్టిద్దాం. ఎవరైనా నెల కట్టి వెళ్లొచ్చు, గేటు మాత్రం అందరికీ ఒకటే. మీరు ఈత కొట్టండి, నేను పైనుంచి చూస్తాను. కానీ ఈత రాని తొంభై ఏళ్ల అవ్వ దానికి బిల్లు కట్టకూడదు. ఈ షరతు డెవలప్‌మెంట్ అగ్రిమెంట్‌లో రావాలి. రంగుల పుస్తకంలో ఉన్నదేదీ అగ్రిమెంట్‌లో లేకపోతే మన చేతిలో లేనట్టే.

ఆదివారం పొద్దున పదింటికి, సంఘం హాలులో. వీడియో తీయించమని లెటర్ ఇచ్చాను, సెక్రటరీ గారు తీసుకున్నారు. పోయినసారి ఆడవాళ్లు ఇద్దరే వచ్చారు, ఆ ఇద్దరూ వెనక కూర్చున్నారు. ఈసారి ఇంటికొకరు చొప్పున అక్కలను, వదినలను ముందు వరుసకు తీసుకురండి. బతుకమ్మకు ఎంత జాగా కావాలో అడుగుల్లో చెప్పగలిగేది వాళ్లే.