వెనక చెక్క లేని పెట్టె

మా చిన్నప్పుడు ఇంట్లో వాల్వు రేడియో ఉండేది. గోడకు కొట్టిన బల్ల మీద, అమ్మ అల్లిన లేసు గుడ్డ కప్పుకుని, ఇంటికి పెద్దదిక్కులా కూర్చునేది. స్విచ్చి వేయగానే పలికేది కాదు. వాల్వులు వేడెక్కాలి. ఆ కాసేపూ పిల్లలం దాని వెనక్కి చేరేవాళ్లం. వెనక వైపు చిల్లులు పొడిచిన పల్చటి అట్ట తప్ప మరో మూత లేదు. ఆ చిల్లుల్లోంచి నారింజ రంగులో వెలిగే వాల్వుల్ని చూడటం అదో సరదా. 'దూరం జరగండర్రా, షాక్ కొడుతుంది' అని నాన్న కేకేసేవారు.

దానికి వెనక చెక్క ఎందుకు లేదన్న ప్రశ్న అప్పట్లో తట్టలేదు. నలభై ఏళ్ల తర్వాత తట్టింది. అదీ నాన్న వల్లే.

ఎనభై దాటాక నాన్న హైదరాబాదులో మా దగ్గరికి వచ్చేశారు. ఆయనకు పౌరాణిక నాటకాల పద్యాలంటే ప్రాణం. మా హాల్లో టీవీకి అటూ ఇటూ, షోకేసు అరల్లో, ముచ్చటపడి కొన్న రెండు స్పీకరు పెట్టెలున్నాయి. వచ్చిన రోజు సాయంత్రమే ఆయన కోసం పద్యాలు పెట్టాను. రెండు నిమిషాలు విన్నారో లేదో, 'మాట మింగేస్తోందిరా' అన్నారు. సౌండు పెంచాను. 'గట్టిగా వద్దురా, అరుస్తోంది. నాకు మాట కావాలి' అన్నారు.

మేం మొహమొహాలు చూసుకున్నాం. వయసు కదా, చెవులు... డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. తారస్థాయి శబ్దాలు కాస్త తగ్గాయనీ, ఆ వయసులో అది మామూలేననీ, మిషను ఇప్పుడే అక్కర్లేదనీ చెప్పారాయన. ఇంటికొస్తూ నాన్న, 'నా చేతి ట్రాన్సిస్టర్లో బాగానే వినపడుతోందే మరి' అన్నారు. నవ్వి ఊరుకున్నాం. ఆ మర్నాటి నుంచీ ఆయన ట్రాన్సిస్టరు పట్టుకుని బాల్కనీలో కూర్చోవడం మొదలుపెట్టారు. మేం హాల్లో, ఆయన బాల్కనీలో. మధ్యన వేసిన అద్దాల తలుపు.

జబ్బేమిటో నాన్న అప్పుడే చెప్పేశారు. నాకే అర్థం కాలేదు.

ఒక స్పీకరు, రెండు శబ్దాలు

స్పీకరులో ఉండేది గరాటులాంటి కాగితపు కోను. ముందుకీ వెనక్కీ కదులుతూ గాలిని నెడుతుంది. ముందుకు కదిలినప్పుడు ఎదురుగా ఉన్న గాలి ఒత్తుకుంటుంది. అదే క్షణంలో వెనక ఉన్న గాలి పల్చబడుతుంది. అంటే ఒకే కోను నుంచి రెండు శబ్దాలు పుడుతున్నాయన్నమాట. ఒకటి ముందుకు, దానికి సరిగ్గా వ్యతిరేకమైంది వెనక్కి.

ఈ రెండూ కలిస్తే ఏమవుతుంది? ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. నీళ్ల బకెట్లో అరచేతిని నెమ్మదిగా తోసి చూడండి. నీళ్లు ముందుకు పోవు, చేతి అంచుల మీదుగా వెనక్కి జారిపోతాయి. మృదంగం తొప్పి వైపు పలికే మంద్రస్థాయి శబ్దాలదీ అదే తీరు. వాటి అలలు పొడవు. సెకనుకు 100 కంపనాలున్న శబ్దపు అల సుమారు మూడున్నర మీటర్లుంటుంది. అరచేతంత స్పీకరు చుట్టూ తిరిగి వెనక్కి జారిపోవడం దానికెంత పని? 1000 కంపనాల శబ్దానికి అల పొడవు జానెడున్నర మాత్రమే. అది అంత తేలిగ్గా జారిపోదు. అందుకే విడి స్పీకరును చేత్తో పట్టుకుని వింటే పీలగా కీచుమంటుంది. దాన్నే పెద్ద అట్టకు రంధ్రం చేసి బిగించండి, గొంతుకు ఒక్కసారిగా నిండుదనం వస్తుంది. పాత స్పీకరు దొరికితే పిల్లల చేత చేయించదగ్గ ప్రయోగమిది.

ఆ అట్టనే 'బ్యాఫిల్' అంటారు. అంటే అడ్డుపలక. నేటి స్పీకర్లకు మూలమైన నమూనాను అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజినీర్లు రైస్, కెల్లాగ్ 1925లో వివరించారు. అడ్డుపలక అవసరం వారికీ తెలుసు. వెనక శబ్దాన్ని ఆపకుండా, ముందు శబ్దంతో వెంటనే కలవకుండా పలకతో మాత్రమే అడ్డేసే పద్ధతి 'ఓపెన్ బ్యాఫిల్'. మా ఇంటి వాల్వు రేడియో కూడా దాదాపు అదే. వెనక చెక్క లేకపోవడం వల్ల వాల్వుల వేడి బయటికి పోయేది, శబ్దమూ పోయేది.

పెట్టె ఎందుకొచ్చింది?

పలకతో చిక్కేమిటంటే, మంద్రం కావాలంటే అది తలుపంత ఉండాలి. రెండడుగుల వెడల్పు పలకైతే సుమారు 200 కంపనాల దగ్గర నుంచీ కిందికి శబ్దం పల్చబడుతూ వస్తుంది. కంపనాలు సగమైన ప్రతిసారీ శబ్దపీడనం కూడా సగానికి పడిపోతుంది. అంత పలకను ఇంట్లో ఎక్కడ పెడతాం?

వెనక శబ్దాన్ని పెట్టెలో బంధించేస్తే గొడవ ఉండదు కదా! పెట్టెకు లెక్క ప్రకారం ఒక రంధ్రం పెట్టి, వెనక శబ్దాన్ని కూడా మంద్రానికి సాయంగా వాడుకునే ఉపాయానికి బెల్ ల్యాబ్స్‌కు చెందిన థురాస్ 1932లో పేటెంట్ పొందారు. 1954లో ఎడ్గర్ విల్చర్ మరో మెట్టు ఎక్కారు. పెట్టెను పూర్తిగా మూసేసి, లోపలి గాలినే స్ప్రింగులా వాడుకున్నారు. పుస్తకాల అరలో పట్టే పెట్టెలోంచి బీరువా అంత పెట్టె పలికే మంద్రం పలికింది. నాలుగేళ్లకు స్టీరియో రికార్డులు బజారులోకి వచ్చాయి. ఇంటికి రెండేసి స్పీకర్లు కావాల్సి వచ్చింది. ఇక చిన్న పెట్టెకు ఎదురేముంది?

అయినా పలక పూర్తిగా చావలేదు. 1957లో ఇంగ్లండులో పీటర్ వాకర్ పెట్టెన్నదే లేకుండా, రెండువైపులా పలికే క్వాడ్ స్పీకరును తెచ్చారు. కాలిఫోర్నియాలో కొలత పరికరాల ఇంజినీరుగా పనిచేసిన సీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్, 2018లో కన్నుమూసేదాకా ఓపెన్ బ్యాఫిల్ స్పీకర్లు తయారుచేస్తూ, తన డిజైన్లను ఇంట్లో చేసుకునేవారికి అందిస్తూ వచ్చారు.

మూలన పడ్డ గొంతు

మరి పెట్టె వల్ల వచ్చిన పేచీ ఏమిటి? పెట్టె మంద్రాన్ని ఒక్క ఎదురుకే పంపదు. చుట్టూ వెదజల్లుతుంది. గోడకు ఆనించి పెడితే ఆ శబ్దం పెరుగుతుంది. రెండు గోడలు కలిసే మూలన పెడితే మరింత పెరుగుతుంది. పైగా గదికి కూడా తనవైన స్వరాలుంటాయి. పన్నెండడుగుల పొడవున్న గది సెకనుకు 47 కంపనాల దగ్గర, దాని రెట్టింపు దగ్గర గుయ్యిమంటుంది. మగ గొంతుకు ఆధారస్వరం ఉండేది 100 నుంచి 150 మధ్యలో. మూలన పెట్టిన పెట్టె దాన్ని ఉబ్బించేస్తుంది. పెద్ద మంద్రం పక్కనున్న సన్నని శబ్దాల్ని కప్పేస్తుంది. తెలుగులో మాటను మాటగా నిలిపే 'స', 'త', 'క'లు ఆ సన్నని శబ్దాలే. వయసు మీద పడ్డాక చెవి మొదట వదులుకునేదీ వాటినే. సౌండు పెంచితే ఉబ్బూ పెరుగుతుంది. నాన్న 'అరుస్తోంది, మాట లేదు' అన్నది దీన్నే! చేతి ట్రాన్సిస్టరుకు మంద్రమే లేదు గనుక మాటను కప్పేదీ లేదు.

పలక స్పీకరు ముందుకీ వెనక్కీ పలుకుతుంది గానీ పక్కలకు దాదాపు పలకదు. పక్కకొచ్చేసరికి రెండు శబ్దాలూ సరిసమానమై కొట్టుకుపోతాయి. కుర్చీలో కూర్చున్నవారికి అంతే సౌండు వినిపించడానికి, అన్ని వైపులా వెదజల్లే స్పీకరుతో పోలిస్తే ఇది గదిలోకి వదిలే శక్తి లెక్క ప్రకారం మూడో వంతే. గది మోత ఆ మేరకు తగ్గుతుంది. పెట్టె గోడలు అదిరే గొడవా ఉండదు.

మిగతా అయిదు పక్కలూ ఏవి?

ఇదంతా చదివాక చేతులు ఊరుకోలేదు. పాత సామాన్ల అంగట్లో ఎనిమిదంగుళాల స్పీకర్లు రెండు దొరికాయి. వడ్రంగి దగ్గర రెండడుగుల వెడల్పు, మూడున్నర అడుగుల ఎత్తున రెండు ప్లైవుడ్ పలకలు కోయించాను. ఆయన గుండ్రంగా రంధ్రాలు కూడా చేసిచ్చి, 'మిగతా అయిదు పక్కలూ ఎప్పుడు తెస్తారు సార్?' అన్నాడు. ఇంతేనంటే నమ్మలేదు. ఇంటికి తెచ్చి గోడకు మూడడుగుల ఎడంగా నిలబెడితే మా ఆవిడ, 'ద్వారబంధం లేని తలుపుల్లా ఉన్నాయి, ఎటు నుంచి నడవాలి?' అంది. ఆ మూడడుగులు తప్పవు. గోడకు ఆనిస్తే వెనక శబ్దం వెంటనే తిరిగొచ్చి ముందుదాన్ని చెడగొడుతుంది.

నాన్నను పిలిచి పద్యం పెట్టాను. కళ్లు మూసుకుని విన్నారు. రాగం తీసి చివర మాట విడిచేదాకా కదల్లేదు. 'ఇప్పుడు మనిషి ఎదురుగా ఉన్నాడురా' అన్నారు.

నేను పొంగిపోతుంటే మా అమ్మాయి అడ్డం వచ్చింది. 'నాన్నా, ఆ పెట్టెల్ని కూడా అక్కడే పెట్టి చూడాలిగా?' అని. న్యాయమే. షోకేసులోంచి తీసి, స్టూళ్ల మీద, చెవి ఎత్తులో, అదే చోట పెట్టాం. ఆశ్చర్యం! ఉబ్బు చాలావరకు పోయింది. మాట తేటపడింది. అంటే నా గెలుపులో సగం పలకది కాదు, చోటుది. ఇన్నాళ్లూ ఖరీదైన పెట్టెల్ని మూలకు నెట్టి, నాన్న చెవుల్ని అనుమానించాను. గది మూలను ఒక్కసారైనా అనుమానించలేదు.

తీర్పు మాత్రం రెండుగా వచ్చింది. పద్యానికీ, వయొలిన్‌కూ పలకే బాగుందని నాన్న. సినిమా పాటలో డ్రమ్ము గుండెకు తగలాలంటే పెట్టెలే కావాలని అమ్మాయి. ఇద్దరిదీ నిజమే. చిన్న గది, సినిమాలు, తక్కువ చోటు ఉన్నవారికి పెట్టె మేలు. గొంతు, వాద్యం ఇష్టపడేవారికి, గోడకు ఎడంగా మూడడుగులు వదలగలిగినవారికి పలక మంచి నేస్తం. అయితే అన్ని స్పీకర్లూ పలకకు నప్పవు. పెట్టె కోసమే తయారైనవి పలక మీద మరీ పీలగా పలుకుతాయి. వెనక కోను బయటికే ఉంటుంది కాబట్టి పసిపిల్లల వేళ్లతో జాగ్రత్త.

ఏం కొనాలా అని ఆలోచించే ముందు పైసా ఖర్చు లేని పనులు మూడున్నాయి. ఉన్న స్పీకర్లను మూలల్లోంచి బయటికి లాగండి. అరలోంచి తీసి, కూర్చున్నప్పుడు చెవి ఉండే ఎత్తులో పెట్టండి. ఆ తర్వాత మీకు నచ్చిన పాట కాదు, ఇంట్లో అందరికన్నా పెద్దవారికి నచ్చింది పెట్టి, మాట వినపడుతోందా అని అడగండి. చెవి పరీక్ష అవసరమైతే అదీ చేయించండి. కానీ చెవితో పాటు గదినీ పరీక్షించండి.

పలకలు ఇంకా హాల్లోనే ఉన్నాయి. మా ఆవిడ వాటిని చుట్టి నడవడం అలవాటు చేసుకుంది. నాన్న కుర్చీ బాల్కనీ నుంచి లోపలికి వచ్చింది. ట్రాన్సిస్టరు బ్యాటరీలు తీసి ఆయనే సొరుగులో పెట్టేశారు.